సభ్యుని సొంత గొంతుతో

నా భర్త లుమీర్ కుచేరా పుర్రెలో ఎడమ భాగం, నా అరచెయ్యంత ముక్క, ఒమాహా ఆసుపత్రిలోని శీతల పెట్టెలో ఉంది. మిగిలిన లుమీర్ అక్కడికి రెండు వందల మైళ్ల దూరాన, మా ఇంటి ముందుగదిలో, హెల్మెట్ పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఈ రెండింటినీ మళ్లీ ఒకచోట చేర్చవలసిన అవసరం రుజువు కాలేదని బీమా సంస్థవారు ఫిబ్రవరి పదకొండున ఉత్తరం రాశారు. ముప్పై ఎనిమిదేళ్లు హైస్కూలు పిల్లలకు లాటిన్, వ్యాకరణం చెప్పినదాన్ని. చెడ్డ వాక్యాలు చాలా చూశాను. 'సభ్యుని తల ఆకృతిని మెరుగుపరచే ఈ శస్త్రచికిత్స సౌందర్య చికిత్సల కోవలోకి వస్తుంది' అన్న వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అందుకే దాన్ని క్షమించలేకపోతున్నాను.

లుమీర్ మా ఊరి పశువుల సంతలో వేలంపాట పాడేవాడు. నలభై నాలుగేళ్లపాటు ప్రతి గురువారం ఎత్తైన బల్ల మీద మైకు ముందు కూర్చుని, శ్వాస తీసుకుంటున్నాడో లేదో తెలియకుండా అంకెలు పలికేవాడు. పాట జరుగుతుండగా బల్ల దిగడం అతని నియమాలలో లేదు. అక్టోబరు రెండో గురువారం మాత్రం, బరి తలుపుకు గడియ సరిగా పడలేదని చూసి, ఎవరికీ చెప్పకుండా తానే దిగి వెళ్లాడు. తెల్లని ఆబోతు ఒకటి ఆ ఇనుప తలుపును కుమ్మింది. తలుపు తిరిగి వచ్చి లుమీర్ తలకు ఎడమ పక్కన తగిలింది.

మెదడు వాచింది. వాచినదానికి పుర్రెలో చోటు చాలదు కనుక ఒక గోడ తీసేయవలసి వచ్చిందని శస్త్రచికిత్స చేసిన డాక్టర్ హాలోరన్ నాకు వరండాలో చెప్పింది. ఆమె ఎర్ర జుట్టు మనిషి, నలభై దాటి ఉండదు, చెప్పవలసింది నిలబడే చెప్పి వెళ్లిపోతుంది. వాపు తగ్గి, గాయం మానాక, కొన్ని నెలల్లో ఎముక మళ్లీ పెడతామంది. అప్పటిదాకా ఆ పక్కన చర్మం తప్ప అడ్డేమీ ఉండదని, హెల్మెట్ లేకుండా ఒక్క అడుగు కూడా వేయనివ్వవద్దని, మూర్ఛలు రాకుండా మాత్రలు పూటపూటకూ వేయాలని చెప్పింది. నేను రాసుకున్నాను.

డిసెంబరులో ఇంటికి వచ్చాడు. మొదటి వారం పది మాటలు. తరువాత యాభై. క్రిస్మస్ నాడు నా క్యాబేజీ సూపులో ఉప్పు లేదని కర్త, కర్మ, క్రియలతో సహా ఫిర్యాదు చేశాడు. నేను వంటింట్లోకి వెళ్లి, ఏడవడానికి బదులు, ఉప్పు తెచ్చాను.

జనవరిలో వాపు పూర్తిగా తగ్గింది. ఎముక లేని చోట చర్మం లోపలికి కుంగడం మొదలుపెట్టింది. నెలాఖరుకు అక్కడ, అరచేతిలో పట్టే తీపి కొలాచీ రొట్టె ఒకటి ఇమిడేంత గుంట. గుంట లోతైనకొద్దీ మాటలు పోయాయి. మొదట విశేషణాలు పోయాయి. వాటి లోటు మా ఊళ్లో ఎవరికీ తెలియలేదు. తరువాత పేర్లు. నా పేరు జనవరి ఇరవై ఆరున పోయింది. ఆ తరువాత కుడి చెయ్యి చెంచా పట్టడం మానేసింది. ఎముక అడ్డు లేకపోవడంతో బయటి గాలి బరువు మెదడు మీద పడుతోందని, ఇలా అందరికీ జరగదని, జరిగినవారిలో చాలామంది ఎముక పెట్టగానే కోలుకుంటారని డాక్టర్ హాలోరన్ ఫోనులో చెప్పింది. ఆలస్యం మంచిది కాదని రెండుసార్లు అంది. పైగా తీసిన ఎముకను ఆరు నెలలకు మించి దాచడం ఆసుపత్రి నియమాలకు విరుద్ధం. ఏప్రిల్ పది దాటితే దాన్ని పారేస్తారు.

అంచేత నేను అప్పీలు రాశాను. తొమ్మిది పుటలు, ముప్పై ఒక్క పాదసూచికలు. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. అప్పీలు చేసే హక్కు సభ్యునికే, అంటే లుమీర్‌కే, ఉన్నదట. సభ్యుని బదులు మరొకరు మాట్లాడదలిస్తే, అందుకు తాను అనుమతిస్తున్నట్టు సభ్యుడు ఫోనులో, సొంత గొంతుతో, రికార్డు అయ్యేలా చెప్పాలట. లుమీర్ తరఫున నిర్ణయాలు చేసే అధికారం నాకున్నట్టు లాయరు రాసిన పత్రం ఉంది. అది పంపాను. అందినదన్నారు. పరిశీలించడానికి నలభై ఐదు పనిదినాలు పడుతుందన్నారు.

నేను ఫోను చేసి, ఒక యువకునికి, తరగతిలో వెనక బెంచీవాళ్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాను.

"బాబూ, ఆయనకి మాట రావాలంటే ఎముక పెట్టాలి. ఎముక పెట్టాలంటే ఆయన మాట్లాడాలంటున్నారు మీరు."

"అర్థమైంది మేడమ్," అన్నాడతను, నిజంగానే దయగా. "సార్‌కి ఒకసారి ఫోన్ ఇస్తారా?"

ఇచ్చాను. ఫోనును లుమీర్ చెవి దగ్గర పెట్టాను. పుట్టిన తేదీ చెప్పమని అడిగాడు. లుమీర్ పెదవులు కదిలాయి. అతని కళ్లు నా ముఖంలో తేదీ కోసం వెతికాయి. పదకొండు సెకన్లు. సభ్యుడు స్పందించనందున సభ్యుని రక్షణ నిమిత్తమే కాల్ ముగిస్తున్నామని చెప్పి ముగించారు.

ఆ సాయంత్రం డ్వేన్ పెటర్కా వచ్చాడు. సంతలో, లుమీర్ బల్లకు కింద నిలబడి, జనంలో ఎవరు గడ్డం గోక్కున్నా అది పాటేనని గుర్తించి 'హెప్' అని అరిచే మనిషి ఇతను. యాభై తొమ్మిదేళ్లవాడు. నా దగ్గర లాటిన్ రెండో సంవత్సరం రెండుసార్లు తప్పాడు; ఇప్పటికీ నన్ను టీచరుగారూ అనే పిలుస్తాడు. అంతకుముందు వారమే, పశువుల వీపుకు అంటించే వరుస సంఖ్య కాగితం ఒకటి తెచ్చి లుమీర్ హెల్మెట్‌కు అంటించాడు: నాలుగు వందల పన్నెండు. నేను పీకేశాను. లుమీర్, అప్పటికి నోట మాట లేనివాడు, ఎడమ చెయ్యి చాచి దాన్ని తిరిగి అడిగాడు. నేనే మళ్లీ అంటించవలసి వచ్చింది.

డ్వేన్ విషయమంతా విని, టోపీ మోకాలికి తగిలించి చాలాసేపు ఆలోచించాడు. మామూలు మాట పోయినా పాట పోకపోవచ్చు కదా అన్నాడు. అని, సంతలో నిలబడినట్టు నిలబడి, గాలిలోకి వేలు చూపి, "నలభై, హెప్!" అన్నాడు.

లుమీర్ నడుం నిటారుగా లేచింది. "నలభై నలభై నలభై, ఒకటెవరు, ఒకటెవరు, నలభై ఒకటి, రెండెవరు," అని అతని నోట్లోంచి అంకెలు, బస్తాకు చిల్లు పడ్డట్టు, జారాయి. పుట్టిన తేదీ చెప్పలేని మనిషి అంకెల మీద పరుగెత్తుతున్నాడు. మాట్లాడే చోటు ఒకటీ, అలవాటుగా దొర్లే చోటు ఒకటీ మెదడులో వేరువేరని, లుమీర్‌కు మాటలు నేర్పడానికి వచ్చే స్పీచ్ థెరపీ అమ్మాయి చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

లుమీర్ పుట్టింది పంతొమ్మిది వందల యాభై మూడు, మార్చి పంతొమ్మిదిన. కనుక మూడు పాటలు కావాలి: మూడు దగ్గర ఒకటి, పంతొమ్మిది దగ్గర ఒకటి, యాభై మూడు దగ్గర ఒకటి ఆగాలి. ఆపే ఉపాయం తేలికే. డ్వేన్ హెప్ అంటున్నంతసేపూ ధర ఎక్కుతుంది. నోరు మూసుకుంటే లుమీర్ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని హెచ్చరించి, ఆ ధరకే సరుకు అమ్మేస్తాడు. మూడు రోజులు సాధన చేయించాం. ఒక్కసారీ గురి తప్పలేదు.

నాలుగో రోజు ఫోను చేశాం. ఈసారి ఒక అమ్మాయి. నెల సరిగా వచ్చింది. రోజు సరిగా వచ్చింది. యాభై మూడు దగ్గర డ్వేన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లుమీర్ ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. అప్పుడా అమ్మాయి, సభ్యులను ప్రోత్సహించమని నేర్పినట్టున్నారు, ఎంతో మర్యాదగా "ఆఁ, చెప్పండి సార్," అంది.

వేలంలో మూడోసారికి ముందు జనంలోంచి ఎవరు నోరు తెరిచినా అది పాటే. లుమీర్ యాభై నాలుగుకు వెళ్లాడు. "ఆఁ సార్?" అందామె. యాభై ఐదు. డ్వేన్ చేతులు ఊపాడు; చేతులు ఊపడం కూడా పాటే. డెబ్భై ఒకటి దగ్గర ఆ అమ్మాయి ఏమనాలో తోచక ఊరుకుంది. లుమీర్ అరచేత్తో కుర్చీ చేతిని చరిచి, సరుకు ఆమెకు అమ్మేశాడు. చాలా నెలల తరువాత అతని ముఖంలో తృప్తి చూశాను.

సార్ పంతొమ్మిది పుట్టిన సంవత్సరాలు చెప్పారని, అనుమానాస్పద ప్రయత్నం కనుక ఖాతా మూడు పనిదినాలపాటు మూసివేస్తున్నామని ఆ అమ్మాయి తెలిపింది. ఆ రోజు మార్చి పదిహేడు.

మూతబడిన రెండో రోజు మంచం విరిగింది. మా అత్తగారి కాలం నాటి చెక్క మంచం. ఉదయం పదింటికి నేనూ డ్వేనూ లుమీర్‌ను కుర్చీలోంచి లేపి పడుకోబెడుతుండగా తలవైపు కాలు ఒకటి ఊడింది. తలవైపు జానెడు కిందికి దిగింది. తల దిండు మీదే ఉంది గాని కాళ్లకన్న కిందుగా ఉంది. నేను ముందుకు దూకాను.

లుమీర్ పైకప్పును చూస్తూ, మామూలు గొంతుతో అన్నాడు: "విల్మా, ఈ మంచం కాలు ఊగుతోందని నీకు పోయినేడే చెప్పాను."

నా పేరు యాభై రెండు రోజుల తరువాత తిరిగి వచ్చింది. దిండు పట్టుకుని అలాగే నిలబడ్డాను. డ్వేన్ టోపీ తీశాడు. లుమీర్ ఇంకా నాలుగు నిమిషాలు మాట్లాడాడు: మేకులు ఎక్కడున్నాయో, జిగురు ఏ డబ్బాలో ఉందో. మేం కంగారుపడి లేపి కూర్చోబెట్టేసరికి, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.

డాక్టర్ హాలోరన్‌కు ఫోను చేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు. తల కిందుగా ఉన్నప్పుడు లోపలి నీరూ నెత్తురూ బయటి గాలిని ఎదురు తోస్తాయని, కుంగిన మెదడు కాసేపు తన ఆకారానికి వస్తుందని చెప్పింది. వెల్లకిల పడుకోబెట్టి కాళ్లవైపు కొద్దిగా ఎత్తవచ్చునంది. పావుగంట దాటకూడదు. తలనొప్పిగాని, వాంతిగాని, మగతగాని కనిపిస్తే తక్షణం దించి, అంబులెన్సును పిలవాలి. ఇది చికిత్స కాదు, గాలిని కాసేపు మోసగించడమే, అంది. పావుగంటలో ఏం చేస్తారని అడిగింది. చెప్పాను. వైద్యవృత్తిలో తాను చూసిన మూర్ఖత్వాల్లో దీనికి పక్కన పెట్టదగింది లేదని, తానూ మూడు ఉత్తరాలు రాసి చూశానని అంది.

ఖాతా తెరిచిన రోజు ఉదయమే సిద్ధమయ్యాం. మంచం కాలు డ్వేన్ బాగుచేశాడు. పశువుల బండి చక్రాలు మార్చే పొడవాటి జాకీ తెచ్చి కాళ్లవైపు అడ్డచెక్క కింద పెట్టాడు. ఎత్తాక ఆధారంగా పెట్టడానికి లావుపాటి పుస్తకాలు కావాలన్నాడు. నా లాటిన్ నిఘంటువు కేసి చూశాడు. నేను బీమా సంస్థవారు ఏటా పంపే సభ్యుల కరదీపికలు ఆరు తెచ్చి ఇచ్చాను. అవి మంచం కాళ్లకు చక్కగా సరిపోయాయి. వాటి వల్ల మా ఇంట్లో ఒక మనిషికి మేలు జరగడం అదే మొదలు.

చిక్కు ఒకటుంది. తలను పావుగంటే కిందుగా ఉంచగలం. మనిషి లైన్లోకి రావడానికి వేచి ఉండే సమయం, సంస్థవారి లెక్కలోనే, యాభై నిమిషాలు. కనుక సంగీతం వినిపిస్తున్నంతసేపు లుమీర్ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. డ్వేన్ జాకీ పిడి పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నాడు. యాభై రెండో నిమిషాన సంగీతం ఆగింది. నేను దిండ్లు లాగి లుమీర్‌ను వెల్లకిల పడుకోబెట్టి, డ్వేన్‌కు సైగగా చెయ్యి దించాను. డ్వేన్ ఎనిమిది సార్లు నొక్కాడు. లుమీర్ పాదాలు గౌరవంగా పైకి లేచాయి.

మాట్లాడిన అమ్మాయి పేరు డెలనీ. పుట్టిన తేదీ అడిగింది.

"మార్చి పంతొమ్మిది, యాభై మూడు," అన్నాడు లుమీర్. చిరునామా చెప్పాడు. ఫోను నంబరు చెప్పాడు. సభ్యత్వ సంఖ్య నేను కాగితం ఎత్తి పట్టుకుంటే తలకిందుగా చదివాడు. డ్వేన్ గడియారం చూసి, రెండు నిమిషాలైనట్టు రెండు వేళ్లు చూపాడు.

"థాంక్యూ సార్. ఇప్పుడు, మీ అప్పీలు గురించి మీ తరఫున మీ భార్య మాతో మాట్లాడటానికి మీరు అనుమతిస్తున్నారా?"

ఆరు సెకన్లు. నేను అప్పీలు తొమ్మిది పుటలూ చేతిలో పట్టుకుని, గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాను.

"లేదు," అన్నాడు లుమీర్.

నేను అతని పేరు పెట్టి పిలిచాను.

"నలభై ఆరేళ్లు నా బదులు మాట్లాడింది," అని లుమీర్ పైకప్పుతో చెప్పాడు. "ఇది నా తల. నేను మాట్లాడతాను."

"సరే సార్," అంది డెలనీ. "మేడమ్, గదిలో ఉన్నారా? సార్ అనుమతి లేదు కాబట్టి మీరేం చెప్పినా నేను వినకూడదు. దయచేసి మాట్లాడకండి. సార్, గదిలో ఇంకెవరన్నా ఉన్నారా?"

"డ్వేన్ ఉన్నాడు. జాకీ పట్టుకున్నాడు."

ఆమె దేని జాకీ అని అడగలేదు. డ్వేన్‌కు కూడా అనుమతి లేదని మాత్రం చెప్పింది. మేమిద్దరం తరగతిలో శిక్ష పడ్డవాళ్లలా మంచానికి చెరో పక్కన నోరు మూసుకుని నిలబడ్డాం. ముప్పై ఒక్క పాదసూచికలూ నా చేతిలో చల్లబడ్డాయి.

ఎందుకు అప్పీలు చేస్తున్నారని ఆమె అడిగింది. లుమీర్ మాట కోసం తడుముకున్నాడు. ఆ మాట నాకు తెలుసు. నాలుక చివరనే ఉంది. పళ్లు బిగించి ఆపాను. "మీరు పెట్టొద్దన్న ఎముక," అన్నాడు చివరికి. "ఒమాహాలో ఉంది. చల్లటి డబ్బాలో. అది లేకపోతే, కూర్చుంటే మాటలు పోతాయి. పడుకుంటే వస్తాయి. నిలబడి పశువుల మధ్య బతికినవాణ్ణి. ఎన్నాళ్లని పడుకోవాలి?"

కీబోర్డు చప్పుడు వినిపించింది.

"ఈ ఆపరేషన్ మీ రూపం మెరుగుపడటానికి కోరుతున్నారా సార్? ఇది తప్పనిసరిగా అడగాలి."

"అందం కోసమైతే ముక్కు దగ్గర మొదలుపెట్టేవాణ్ణి."

ఆమె నవ్వింది. కాల్ రికార్డు అవుతోందని గుర్తొచ్చి ఆపుకుంది. డ్వేన్ ఏడు వేళ్లు చూపాడు. ఇంకొక్క ప్రశ్న, అందామె. "ఈ ఆపరేషన్ వల్ల వచ్చే ప్రమాదాలన్నీ తెలుసుకునే, ఇది కావాలంటున్నారా? అవునా, కాదా అని చెప్తే చాలు."

లుమీర్ చాలాసేపు ఊరుకున్నాడు. మాటలు పోయాయనుకున్నాను. పోలేదు.

"తెలీదు," అన్నాడు. "నాకెవరూ చెప్పలేదు."

ఎవరూ చెప్పలేదన్నది నిజం. డాక్టర్ హాలోరన్ నాకు చెప్పింది, వరండాలో, నిలబడి. నేను రాసుకున్నాను. తారీఖు వేసి, వరుస సంఖ్యలు వేసి, ఫైలులో పెట్టుకున్నాను. ఐదు వారాలుగా, ఆయన గొంతు మీకెందుకని బీమావాళ్లను నిలదీస్తున్నదాన్ని, ఆయనను ఒక్క ప్రశ్నా అడగలేదు.

డెలనీ ఇబ్బంది పడింది. తెలియదన్నదానికి తన తెరమీద గడి లేదంది. తరువాత, చదువుతున్నట్టు కాక, కొంచెం గొంతు తగ్గించి అంది: "సార్, నేను మేడమ్‌తో మాట్లాడకూడదు. కానీ మీరు నన్ను హోల్డ్‌లో పెడితే, గదిలో మీరేం మాట్లాడుకున్నా నాకు వినబడదు. మూడు నిమిషాలు."

డ్వేన్ తొమ్మిది వేళ్లు చూపాడు. నేను ఫోనులో మీట నొక్కి, మంచం పక్కన నేలమీద కూర్చున్నాను, నా ముఖం అతని ముఖానికి ఎదురుగా వచ్చేలా.

చిన్న వాక్యాలలో చెప్పాను. ఎముక పెట్టిన చోట చీము పట్టవచ్చు. పడితే మళ్లీ తీసేస్తారు. కింద నెత్తురు గడ్డకట్టవచ్చు. మూర్ఛలు రావచ్చు. తలలో నీరు చేరితే, తలనుంచి కడుపుకు సన్నని గొట్టం వేయాలి. పెట్టిన ఎముక కొన్నేళ్లలో కరగవచ్చు. ఐదుగురిలో ఒకరికి వీటిలో ఏదో ఒకటి తప్పదు. ఎప్పుడో ఒకరు ఆ మత్తులోంచి ఇక లేవరు.

"పెట్టకపోతే?"

"ఇంకా కుంగుతుంది."

"పెడితే మాట తిరిగొస్తుందా?"

"చాలామందికి వచ్చింది."

"అందరికీ?"

అబద్ధం చెప్పాలనిపించింది. అంత చక్కగా కూర్చిన అబద్ధం నా దగ్గర అంతకుముందు ఎన్నడూ లేదు. "అందరికీ కాదు," అన్నాను.

"ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు?"

"భయపడతావని."

"నేనా, నువ్వా?"

డ్వేన్ పది వేళ్లూ చూపి, అవి అయిపోవడంతో, ఒక బూటు కూడా పైకెత్తాడు. లుమీర్ కళ్లు మూసుకున్నాడు. కణతల దగ్గర నరం కొట్టుకుంటోంది. నొప్పి మొదలైందా అని అడిగాను, కొంచెం అన్నాడు. దించమంటాను అన్నాను. వద్దని, ఫోను ఇమ్మన్నాడు.

"అమ్మాయ్," అన్నాడు. "విన్నాను. సరుకు అంత మంచిది కాదు. ఇంతకంటే అధ్వాన్నమైనవి అమ్మినవాణ్ణి. అవును. కావాలి."

"అవును అని నమోదు చేశాను సార్," అంది డెలనీ. "ఈ రోజు మా సేవ ఎలా ఉందో తెలపడానికి లైన్లో ఉంటారా?"

డ్వేన్ జాకీ దించాడు. లుమీర్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలని నిజంగానే ప్రయత్నించాడు. మేం లేపి దిండ్లకు ఆనించేసరికి నోరు తెరుచుకునే ఉంది గాని అందులో ఏమీ లేదు. నొప్పి గంటలో తగ్గింది.

ఆరో రోజున రెండు ఉత్తరాలు ఒకే టపాలో వచ్చాయి. రెండూ లుమీర్ పేరనే. శస్త్రచికిత్సకు అనుమతి ఇచ్చినట్టు మొదటిది. సభ్యుడు ఫోనులో స్పష్టంగా, హాస్యస్ఫూర్తితో మాట్లాడినందున, స్పీచ్ థెరపీ ఇక అవసరం లేదని నిలిపివేసినట్టు రెండోది. రెండో దానికి అప్పీలు రాయడానికి కలం తీశాను. తీసి, లుమీర్ ముందు పెట్టి, ఏం చేద్దామని అడిగాను. అతను ఎడమ చేత్తో ఉత్తరం తీసుకుని, దానితో కాఫీ కప్పుకు మూత పెట్టాడు.

ఏప్రిల్ మూడున ఎముక పెట్టారు. నాలుగు గంటల పదిహేను నిమిషాలు పట్టింది. ఎముక గడ్డకట్టి ఉన్నందువల్ల దెబ్బతినలేదని, అతుకుల్లో బాగా కూర్చుందని డాక్టర్ హాలోరన్ చెప్పింది. మూడో రోజు ఉదయం, నేను చూస్తుండగానే, అతని కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలుపెట్టి, ఒళ్లంతా పాకింది. రెండు నిమిషాల పది సెకన్లు. ఐదుగురిలో ఆ ఒక్కడు. మందు పెంచారు. మళ్లీ స్కాన్ తీశారు, నెత్తురు లేదన్నారు. ఆ రోజంతా, ఆ మరునాడూ అతను కళ్లు తెరిచి చూశాడే గాని మాట్లాడలేదు. మూర్ఛ తరువాత ఇలా ఉండవచ్చునని, ఉండకపోనూవచ్చునని చెప్పారు. నేను కుర్చీలో కూర్చుని ఒక్క పుటైనా తిప్పకుండా పుస్తకం పట్టుకున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం నర్సులు ఇద్దరు పట్టుకుని అతన్ని కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టారు. హెల్మెట్ లేదు. గొరిగిన తల మీద కుట్లు, ప్రశ్నార్థకం ఆకారంలో. కానీ తల రెండు పక్కలా ఒకేలా గుండ్రంగా ఉంది. డాక్టర్ హాలోరన్ వచ్చి, ఎలా ఉందని అడిగింది.

ఎప్పటిలా నా నోరు తెరుచుకుంది. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో, ఎంత తాగాడో, జ్వరం ఎంతో అన్నీ అంకెలతో సిద్ధంగా ఉన్నాయి. ఆమె నా వైపు తిరిగింది కూడా. నేను నోరు మూశాను. గది గోడ మీది గడియారంలో ముల్లు కదులుతోంది. పన్నెండు, పదమూడు. నర్సు నాకేసి ఆశ్చర్యంగా చూసింది. పంతొమ్మిది. ఇరవై.

"విల్మా," అన్నాడు లుమీర్, కూర్చుని. "నువ్వెళ్లి కాఫీ తాగు. నేను... డాక్టరుతో మాట్లాడాలి."

"నేనుంటే ఏం?"

"నువ్వు సాయం చేస్తావు."

ఇంతకన్న పెద్ద అవమానం నాకు నలభై ఆరేళ్లలో జరగలేదు. సంచీ తీసుకుని, తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాను. కాఫీ తాగడానికి వెళ్లలేదు. ఆమె నాకు ఎప్పుడూ వార్తలు చెప్పే ఆ వరండాలోనే, గోడకు ఆనుకోకుండా, నిటారుగా నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో అర్థం కాలేదు. లుమీర్ గొంతు మాత్రం వస్తోంది. ఆగుతోంది, వెతుక్కుంటోంది, మళ్లీ వస్తోంది. ఒకచోట చాలాసేపు ఆగింది. నా చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. తరువాత, తొందరేమీ లేకుండా, ఆ వాక్యం చివరికంటా వెళ్లి ముగిసింది. చెయ్యి తీసేశాను. లోపల డాక్టర్ హాలోరన్ ఏదో అడిగింది. అతను ఇంకొక వాక్యం మొదలుపెట్టాడు.